లోపల చేయాలా, బయట చేయించాలా: ఆర్‌ అండ్‌ డీ పనిని పంచే పద్ధతి

బడ్జెట్ మీటింగుల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "మన ఆర్‌ అండ్‌ డీలో, అంటే పరిశోధన, అభివృద్ధి పనిలో, ఎంత శాతం లోపల చేయాలి, ఎంత శాతం బయటివాళ్లతో కలిసి చేయాలి?" ఫైనాన్స్ వాళ్లు అడిగితే నవ్వి ఊరుకుంటాను. పరిశోధన విభాగం పెద్దలే అడిగితే మాత్రం నాకు టెన్షన్ మొదలవుతుంది. శాతం ముందే తేల్చేసుకున్నవాళ్లు ఆ తర్వాత ఏడాదంతా ఆ అంకెకు సరిపడేలా పనులను అటూ ఇటూ జరుపుతూ గడుపుతారు.

నేను పారిశ్రామిక జిగుర్లు తయారుచేసే రంగంలో పరిశోధన విభాగాలు నడిపినవాణ్ని. లోహాన్ని లోహానికి, ప్లాస్టిక్‌ను గాజుకు అతికించే రకాలన్నమాట. యూనివర్సిటీలతో, ముడిసరుకు సప్లయర్లతో, స్టార్టప్‌లతో, ఒకట్రెండు సందర్భాల్లో పోటీదారులతోనూ కలిసి పనిచేశాం. ఇక్కడ చెప్పబోయే పద్ధతి ఆ పనిలోంచి వచ్చింది. ఇదంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది: పనిని బయటికి ఇవ్వొచ్చు, ఆ పని సరిగ్గా జరిగిందో లేదో తేల్చే తీర్పును మాత్రం ఇవ్వకూడదు.

శాతం సంగతి ముందు పక్కన పెడదాం

శాతాల గురించి మాట్లాడేవాళ్లు తరచుగా ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌ను ఉదాహరణగా చూపిస్తారు. 2000లో ఎ.జి. లాఫ్లీ ఆ కంపెనీ సీఈఓ అయ్యాక, కొత్త ఆవిష్కరణల్లో సగం బయటి నుంచి రావాలని లక్ష్యం పెట్టారు. 'కనెక్ట్ అండ్ డెవలప్' అని దానికి పేరు. ఆ 50 శాతం అందరికీ గుర్తుంది. అప్పట్లో ఆ కంపెనీలో సొంత పరిశోధకులే దాదాపు 7,500 మంది ఉండేవారన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ప్రింగిల్స్ చిప్స్ మీద బొమ్మలు, మాటలు అచ్చువేసే విధానం వాళ్లకు ఇటలీలోని బొలోన్యాలో దొరికింది. అక్కడ ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ చిన్న బేకరీ నడుపుతూ, తినే ఇంకుతో కేకుల మీద ప్రింట్ చేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతిని వెతికి పట్టుకోవడానికి, అది తమకు పనికొస్తుందని గుర్తించడానికి, తమ ఫ్యాక్టరీకి తగ్గట్టు మలచుకోవడానికి లోపల మనుషులున్నారు. అందుకే 2004లో అది మార్కెట్లోకి రాగలిగింది. ఆ మనుషులు లేని కంపెనీ అదే బేకరీలోకి వెళ్తే కేకు కొనుక్కుని తిరిగొచ్చేది.

దీన్ని వెస్లీ కోహెన్, డేనియల్ లెవింథల్ 1990లో ఒక పరిశోధన పత్రంలో సిద్ధాంతంగా చెప్పారు. సొంత ఆర్‌ అండ్‌ డీ వల్ల కొత్త వస్తువులు రావడం ఒక్కటే లాభం కాదు, బయట పుట్టిన జ్ఞానాన్ని గుర్తించి, ఒంటబట్టించుకుని, వాడుకునే శక్తి కూడా వస్తుంది. నా అనుభవమూ ఇదే చెబుతుంది. లోపలి ల్యాబ్‌ను మూసేసి ఆ డబ్బుతో బయట ఒప్పందాలు పెంచుకున్న చోట, రెండేళ్లు తిరిగేసరికి ఆ ఒప్పందాలను చదివి అర్థం చేసుకునేవాళ్లే మిగలరు.

ప్రాజెక్టును కాకుండా ప్రశ్నలను పంచండి

చాలాచోట్ల 'ఈ ప్రాజెక్టు మన ల్యాబ్‌ది, ఆ ప్రాజెక్టు యూనివర్సిటీది' అని పంచేస్తారు. నేను ముందు ప్రాజెక్టును ప్రశ్నలుగా విడగొట్టిస్తాను. ఎలక్ట్రిక్ వాహనం బ్యాటరీలో సెల్స్‌ను చల్లబరిచే పలకకు అతికించే జిగురు చేయాలనుకుందాం. అది సెల్స్‌ను కదలకుండా పట్టుకోవాలి, వాటి వేడిని పలకకు చేరవేయాలి, విద్యుత్తును మాత్రం పోనివ్వకూడదు. ఇందులో ఎన్ని ప్రశ్నలు దాగి ఉన్నాయో చూడండి. జిగురుకు మూలమైన రెజిన్ ఏది వాడాలి? వేడిని మోసే పొడిని ఎంత మోతాదు దాటి కలిపితే జిగురు పంపులోంచి రానని మొరాయిస్తుంది? ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే అంచుల దగ్గరే ఎందుకు ఊడుతుంది? కస్టమర్ తయారీ లైన్ మీద ఎంతసేపట్లో గట్టిపడాలి? పాడైన సెల్‌ను మార్చాల్సి వస్తే జిగురును ఎలా వదిలించాలి? మన టెస్టులో నిలిచింది వాహనంలోనూ నిలుస్తుందని దేన్నిబట్టి నమ్మాలి?

ఒక్కో ప్రశ్న పక్కన మూడు గడులు గీయండి. కస్టమర్ మన దగ్గరికి రావడానికి ఈ జవాబే కారణమా? ఈ జవాబు ఒక్కసారికే కాక, రాబోయే ఉత్పత్తులన్నిటికీ మళ్లీ మళ్లీ కావాలా? ఎవరైనా జవాబు తెచ్చి చేతిలో పెడితే అది సరైందో కాదో మనం చెప్పగలమా?

పొడి మోతాదు ప్రశ్నకు మొదటి రెండు గడుల్లోనూ 'అవును' వస్తుంది. అది మన వంటశాల రహస్యం, లోపలే ఉండాలి. అంచులు ఊడటం 'ఎందుకు' అనే రకం ప్రశ్న. పెద్ద మైక్రోస్కోపులు, సిమ్యులేషన్ చేసేవాళ్లు, ఓపికగా ఒకే విషయం మీద మూడేళ్లు కూర్చునే పీహెచ్‌డీ విద్యార్థి కావాలి. అది యూనివర్సిటీకి వెళ్తుంది. గట్టిపడే సమయాన్ని కస్టమర్‌తో కూర్చుని తేల్చుకోవాలి, వాళ్ల లైన్ వేగం మనం ఊహించేది కాదు. జిగురును వదిలించే ఉపాయం ఇప్పటికే ఏ స్టార్టప్ దగ్గరైనా ఉండొచ్చు, ముందు అక్కడ వెతకాలి. చివరి ప్రశ్న, టెస్టుకీ వాస్తవానికీ ఉన్న లంకె, ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి పోకూడదు.

అసలు చిక్కు మూడో గడిలో ఉంది. మనకు బొత్తిగా తెలియని పనినే బయటికి ఇవ్వాలనిపిస్తుంది, తెలియదు కాబట్టి. కానీ మూడో గడిలో 'చెప్పలేం' అని వచ్చిన ప్రశ్నను బయటికి ఇస్తే, భాగస్వామి అరచేతిలో వైకుంఠం చూపించినా మనకు తెలియదు. అలాంటి ప్రశ్న ఎదురైతే పెద్ద ఒప్పందం ఆపండి. ముందు ఆ విషయం తెలిసిన ఒక్క మనిషిని తీసుకోండి, లేదా మన ఇంజినీర్‌నే కొన్ని నెలలు అక్కడికి పంపి నేర్చుకునే చిన్న ప్రాజెక్టు పెట్టండి. తీర్పు చెప్పగల స్థితికి వచ్చాక పెద్ద డబ్బు పెట్టొచ్చు.

అతుకులు వేసే పని ఇంట్లోనే

ముక్కలు ఎన్ని చోట్ల తయారైనా, వాటిని కలిపి ఒక వస్తువుగా నిలబెట్టే పని మనదే. దీనికి బోయింగ్ 787ను మించిన పాఠం లేదు. 2004లో ఆ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు బోయింగ్ తయారీతోపాటు డిజైన్‌లో కూడా చాలా భాగాన్ని జపాన్, ఇటలీ వంటి చోట్ల ఉన్న భాగస్వాములకు అప్పగించింది. పూర్తయిన పెద్ద భాగాలు వస్తే చివర్లో కలుపుకుంటే సరిపోతుందన్నది లెక్క. వచ్చిన భాగాల్లో కొన్ని అసంపూర్తిగా ఉన్నాయి, కొన్ని ఒకదానితో ఒకటి సరిగ్గా అమరలేదు. 2008 మేలో ఇవ్వాల్సిన మొదటి విమానం 2011 సెప్టెంబరులో కస్టమర్‌కు చేరింది. మధ్యలో, 2009లో, సౌత్ కరోలినాలో వెనుక భాగం చేస్తున్న భాగస్వామి ఫ్యాక్టరీని బోయింగే సుమారు 58 కోట్ల డాలర్లు పెట్టి కొనేసింది. బయటికి ఇవ్వడమే తప్పని దీనర్థం కాదు, విమానాల్లో అందరూ భాగస్వాములతోనే చేస్తారు. భాగస్వాముల కింద ఉన్న ఉప సప్లయర్ల దగ్గర ఏం జరుగుతోందో చూసే కళ్లు సరిపడా లేకపోవడమే అక్కడ దెబ్బతీసింది.

ఐబీఎం పీసీ కథ దీనికి భిన్నం. 1981లో వచ్చిన ఆ కంప్యూటర్‌ను ఏడాది వ్యవధిలో తయారుచేయడానికి ప్రాసెసర్ ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకున్నారు. ఆ తొందరకు అది సరైన నిర్ణయమే. అయితే డాస్ అనే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ వేరేవాళ్లకూ అమ్ముకోవచ్చు, ఇంటెల్ చిప్ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఐబీఎం చేతిలో ప్రత్యేకంగా మిగిలింది బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్. కాంపాక్ దాన్ని నకలు కొట్టకుండా, చట్టబద్ధంగా మళ్లీ రాసుకుని 1982 చివర్లోనే అనుకూల కంప్యూటర్‌ను ప్రకటించింది. కాబట్టి బయటికి ఇచ్చేవన్నీ రాసుకున్నాక ఒకసారి తిరగేసి చూడండి: మన దగ్గర మిగిలినదాన్ని ఒక తెలివైన పోటీదారు ఎన్నాళ్లలో తిరిగి చేయగలడు? జవాబు ఏడాది లోపైతే పంపకం మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రతి ఒప్పందానికీ లోపల ఒక తీర్పరి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ తల ఊపి, ఎవరూ చేయని పని ఇదే.

బయట నడిచే ప్రతి పరిశోధనకూ లోపల పేరుపెట్టి ఒక మనిషి ఉండాలి. నేను వాళ్లను తీర్పరి అంటాను. మేనేజర్ కాదు, చేత్తో ప్రయోగం చేసే మనిషి. మెయిల్స్ ఫార్వర్డ్ చేసి, నెలకోసారి కాల్‌లో కూర్చునేవాళ్లు దీనికి పనికిరారు. ఆ మనిషి పని గంటల్లో కొంత భాగాన్ని దీనికోసం కాగితం మీద కేటాయించాలి. బయట పెట్టే ప్రతి ఐదు రూపాయలకు లోపల ఒక రూపాయి విలువైన సమయం పోతుందని నేను లెక్క వేసుకుంటాను. ఆ రూపాయి బడ్జెట్‌లో కనిపించకపోతే, ఆ సమయం ఎవరో ఒకరి రాత్రుల్లోంచి వస్తుంది, లేదా అసలు రాదు.

తీర్పరి మొదటి పని ఒప్పందం మీద సంతకాలకు ముందే మొదలవుతుంది. రెండు ల్యాబ్‌లూ ఒకే కొలత కొలుస్తున్నాయా అని తేల్చాలి. మా రంగంలో ల్యాప్ షియర్ అనే సాదా టెస్ట్ ఉంది. రెండు లోహపు పట్టీలను కొంతమేర ఒకదానిమీద ఒకటి పెట్టి అతికించి, విడిపోయేదాకా లాగుతారు. దానికి ఏఎస్‌టీఎం డి1002 అనే ప్రమాణం కూడా ఉంది. ఇంత తేలికైన టెస్టులో, అదే డబ్బాలోని జిగురుకు, రెండు మంచి ల్యాబ్‌లు వేర్వేరు అంకెలు ఇస్తాయి. ఒకరు పట్టీని ఇసుకతో గరుకు చేసి ఉంటారు, ఇంకొకరు ద్రావకంతో తుడిచి వదిలేసి ఉంటారు. జిగురు పొర మందం తేడా ఉంటుంది. గదిలో తేమ వేరు. ఇది తేల్చుకోకుండా ఏడాది పనిచేస్తే, చివర్లో "మీ జిగురు బాగాలేదు", "మీ మెషీన్ బాగాలేదు" అనే వాదన తప్ప ఏమీ మిగలదు.

అందుకే ముందు నమూనాలు మార్చుకోండి. మనకు జవాబు తెలిసిన కొన్ని నమూనాలకు అంకెల కోడ్ మాత్రమే వేసి, ఏది ఏదో చెప్పకుండా పంపండి. వాటిలో ఒకే నమూనాను రెండు కోడ్‌లతో పెట్టండి. రెండింటికీ దగ్గర దగ్గర ఫలితం వస్తే ఆ ల్యాబ్ చేతిపని నిలకడగా ఉందన్నమాట. ఇది వాళ్లను అనుమానించడం కాదా అని కొందరు మొహమాటపడతారు. మంచి ల్యాబ్‌లు దీన్ని ఇష్టపడతాయి, తిరిగి మనకూ అలాంటి నమూనాలే పంపుతాయి. మొహం ముడుచుకున్న ల్యాబ్ గురించి సంతకానికి ముందే తెలిసిపోవడం మన అదృష్టం.

రెండో పని, భాగస్వామి చేసే ప్రయోగాల్లో చిన్న భాగాన్ని మన ల్యాబ్‌లో తిరిగి చేయడం. మొత్తం అక్కర్లేదు. ఫలితం మరీ బాగుందనిపించిన చోట, మరీ వింతగా ఉన్న చోట చేస్తే చాలు. మూడో పని, ముడి డేటా అడగడం. స్లైడ్లో గ్రాఫ్ ఎప్పుడూ అందంగానే ఉంటుంది. పగిలిపోయిన నమూనాలు, లెక్కలోంచి తీసేసిన రీడింగులు, మధ్యలో ఆపేసిన ప్రయోగాలు ఎక్కడున్నాయో అడిగేది తీర్పరే.

ఇవన్నీ చేశాక తీర్పరికి ఆపే అధికారం ఇవ్వాలి. "రెండో దశ మొదలుపెట్టొద్దు" అని ఆ ఇంజినీర్ రాస్తే, పై అధికారి దాన్ని కొట్టేయడానికి కారణం రాసి సంతకం పెట్టాలి. నోటిమాటతో సరిపెట్టకూడదు.

ఎవరితో ఏ పని

యూనివర్సిటీలు 'ఎందుకు' అనే ప్రశ్నకు, సప్లయర్లు 'దేనితో' అనే ప్రశ్నకు బాగా పనికొస్తారు. యూనివర్సిటీ క్యాలెండర్ మన క్యాలెండర్ కాదు, థీసిస్ ఎప్పుడు పూర్తవుతుందో అదే గడువు. అక్టోబరులో లాంచ్ ఉన్న పనిని వాళ్లకివ్వడం ఇద్దరికీ అన్యాయం. ఇంకో సంగతి, 'పూర్తయింది' అన్న మాటకు వాళ్ల లెక్క వేరు. దీనికి, ఒక టెక్నాలజీ ఎంతవరకు సిద్ధమైందో చెప్పడానికి నాసా వాడే 1 నుంచి 9 వరకూ ఉన్న టీఆర్‌ఎల్ కొలమానం పనికొస్తుంది. ల్యాబ్‌లో పనిచేసి చూపితే 4, వాస్తవానికి దగ్గరి పరిస్థితుల్లో నమూనా నిలబడితే 6, నిజమైన వాడకంలో రుజువైతే 9. యూనివర్సిటీ 3 దగ్గరో 4 దగ్గరో ఆగిపోతుంది, మన ఫ్యాక్టరీ 7 నుంచి అందుకుంటానంటుంది. ఆ మధ్య దూరం ఎవరిదని ముందే రాసుకోకపోతే మంచి ఆవిష్కరణలు అక్కడే బీరువాలో చేరతాయి. నా మట్టుకు ఆ మధ్య దూరం లోపలి ల్యాబ్‌దే. దానికి మనుషులు లేరంటే యూనివర్సిటీ ప్రాజెక్టులు తగ్గించుకోవాలి.

సప్లయర్ మనకు చెప్పిన చిట్కా పోటీదారుకూ చెబుతాడు, అది అతని వ్యాపారం. దాన్ని తప్పుపట్టే బదులు, మనం కలిసి కనిపెట్టిన ప్రత్యేక రకాన్ని ఫలానా వాడకానికి ఫలానా కాలం వరకు మనకే అమ్మాలని రాయించుకోవాలి. మరీ ఒక్కడే సప్లయర్ మీద ఆధారపడాల్సి వస్తే బంధం ఇంకా గట్టిగా ఉండాలి. చిప్‌లు అచ్చువేసే యంత్రాలు చేసే ఏఎస్‌ఎంఎల్‌కు అద్దాలు, లెన్సులు జైస్ అనే కంపెనీ నుంచి రావాల్సిందే. 2016లో ఏఎస్‌ఎంఎల్ సుమారు 100 కోట్ల యూరోలు పెట్టి జైస్‌లోని ఆ విభాగంలో 24.9 శాతం వాటా కొంటున్నట్టు ప్రకటించింది. అంతకు ముందు 2012లో చిప్‌లు తయారుచేసే ఇంటెల్, టీఎస్‌ఎంసీ, శామ్‌సంగ్‌లు ఏఎస్‌ఎంఎల్‌లోనే వాటాలు కొని పరిశోధనకు డబ్బిచ్చాయి. అంటే ఒకరితో ఒకరు పోటీపడే ముగ్గురు కస్టమర్లు ఒకే సప్లయర్ పరిశోధనకు ఖర్చు పంచుకున్నారు.

పోటీదారులతో నేరుగా కలవడం ఇంకా నాజూకైన వ్యవహారం. 1987లో అమెరికాలో 14 సెమీకండక్టర్ కంపెనీలు ప్రభుత్వ సాయంతో సెమాటెక్ అనే ఉమ్మడి పరిశోధన సంస్థ పెట్టుకున్నాయి. ఏడాదికి సుమారు 10 కోట్ల డాలర్లు ప్రభుత్వం వాటా. చిప్ తయారీ పద్ధతులను కలిసి అభివృద్ధి చేయాలన్నది మొదటి ఆలోచన. అసలు కిటుకులు పక్కవాడి ముందు పెట్టడానికి సభ్యులు ఇష్టపడలేదు. దాంతో పని దిశ మారి, అందరికీ యంత్రాలు అమ్మే సప్లయర్లను బలపరచడం మీద పడింది. పోటీదారులతో కలిసి చేయాలంటే నేను ఇప్పటికీ అలాంటి పనులే ఎంచుకుంటాను: టెస్ట్ పద్ధతులు, భద్రతా ప్రమాణాలు, సప్లయర్ల నాణ్యత. ధరల మాట, కస్టమర్ల పేర్లు ఆ గదిలోకి రాకూడదు. మొదటి మీటింగ్‌కే లాయర్‌ను పిలవండి. యూరోపియన్ యూనియన్‌లో 2023 నుంచి అమలవుతున్న నియమాల ప్రకారం, పోటీదారుల ఉమ్మడి పరిశోధనకు పోటీ చట్టం నుంచి ఆటోమేటిక్ మినహాయింపు దొరకాలంటే సంబంధిత మార్కెట్లో వాళ్ల వాటాలు కలిపి 25 శాతం దాటకూడదు.

స్టార్టప్‌ల గురించి ఒక్క మాట చాలు. వేగం వాళ్ల బలం, రేపు ఉంటారో లేదో తెలియకపోవడం బలహీనత. ఫార్ములా, కోడ్ లాంటివి మూడో పక్షం దగ్గర భద్రంగా ఉంచే ఏర్పాటు, కంపెనీ మూతపడితే మనకు అందే షరతు లేకుండా ముందుకెళ్లొద్దు.

ఒప్పందంలో నేను వేలు పెట్టి చూసే చోట్లు

లాయర్లు వాళ్ల పని చేస్తారు. అయినా ఇంజినీర్ చదవాల్సిన చోట్లు కొన్ని ఉంటాయి.

మొదటిది, ఎవరు ముందే ఏం తెచ్చారు. పని మొదలుకాకముందు మన దగ్గరున్న ఫార్ములాలు, పేటెంట్లు, నోట్సు జాబితా రాసి తేదీ వేసి జత చేయండి. రెండేళ్ల తర్వాత "ఇది మా దగ్గర ముందునుంచీ ఉంది" అని రెండు వైపులా నిజాయితీగానే నమ్ముతారు.

రెండోది, హక్కు ఇప్పుడే బదిలీ అవుతోందా, తర్వాత చేస్తానని మాట ఇస్తున్నారా. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ, రోష్ కంపెనీల కేసు దీనికే ప్రసిద్ధం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడొకరు తన ఆవిష్కరణల హక్కులు యూనివర్సిటీకి 'బదిలీ చేస్తానని ఒప్పుకుంటూ' సంతకం పెట్టాడు. తర్వాత పీసీఆర్ టెక్నిక్ నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీకి వెళ్లినప్పుడు, అక్కడ సందర్శకుల పత్రం మీద హక్కులు 'ఇందుమూలంగా బదిలీ చేస్తున్నట్టు' సంతకం పెట్టాడు. సీటస్ పీసీఆర్ వ్యాపారం తర్వాత రోష్‌కు వెళ్లింది. అప్పీలు కోర్టు రెండో పత్రానికే బలం ఉందంది, 2011లో అమెరికా సుప్రీంకోర్టులోనూ రోషే గెలిచింది. మన ఇంజినీర్లు బయటి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో ఇచ్చే కాగితాలను సంతకం పెట్టకుండా మనకు పంపాలని నేను పట్టుబట్టేది అందుకే.

మూడోది, 'ఉమ్మడి యాజమాన్యం'. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో ఆచరణలో అంత తలనొప్పి. అమెరికాలో వేరే ఒప్పందం లేకపోతే ఉమ్మడి పేటెంట్ యజమానుల్లో ఎవరైనా రెండోవాళ్లను అడక్కుండానే వేరేవాళ్లకు లైసెన్స్ ఇచ్చుకోవచ్చు. బ్రిటన్‌లో రెండోవాళ్ల అనుమతి లేకుండా ఇవ్వలేరు. ఒకే పేటెంట్‌కు రెండు దేశాల్లో రెండు కథలు నడుస్తాయి. నేను ఉమ్మడి బదులు విభజనే కోరతాను: పేటెంట్ ఒకరి పేరు మీద, రెండోవాళ్లకు వాళ్ల వాడకం వరకు శాశ్వత లైసెన్స్. యూనివర్సిటీకి పరిశోధన, బోధన హక్కు ఎలాగూ ఉండాలి.

నాలుగోది ప్రచురణ. ప్రొఫెసర్‌ను పేపర్ రాయొద్దనడం కుదరదు, అనకూడదు కూడా. కానీ యూరప్‌లో పేటెంట్ దరఖాస్తు కంటే ముందు బయటపెడితే కొత్తదనం పోయినట్టే. అమెరికాలో ఆవిష్కర్తకు ఏడాది వెసులుబాటు ఉంది. పేపర్, పోస్టర్, థీసిస్ ఏదైనా ముందుగా మనకు చూపించాలని, మనం ఇన్ని రోజుల్లో దరఖాస్తు వేసుకోవాలని రాసుకోండి. ఆ గడువును మనం కచ్చితంగా పాటించాలి. విద్యార్థి డిగ్రీని మన నిదానానికి బలిచేసే కంపెనీతో ఇంకోసారి ఎవరూ పనిచేయరు.

పెద్ద ఒప్పందానికి ముందు చిన్నదొకటి చేసి ఉండటం ఎంత విలువైందో ఫైజర్, బయోఎన్‌టెక్‌ల విషయంలో లోకమంతా చూసింది. ఆ రెండూ 2018 నుంచే ఫ్లూ వ్యాక్సిన్ మీద కలిసి పనిచేస్తున్నాయి. 2020 మార్చిలో కోవిడ్ పని మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు పూర్తి ఒప్పందం కోసం ఆగకుండా, ప్రాథమిక అంగీకార పత్రంతోనే కదిలారు. డిసెంబరు 2న బ్రిటన్ ఆ వ్యాక్సిన్‌కు అనుమతిచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆ వేగం సాధ్యం కాదు.

మనవాళ్లు ముఖం తిప్పుకుంటే

బయటి భాగస్వామి వస్తున్నాడనగానే లోపలి టీమ్‌లో రెండు భయాలు పుడతాయి: మా ఉద్యోగాలు పోతాయేమో, మేం చేతకానివాళ్లమని అనుకుంటున్నారేమో. రెండోదే ఎక్కువ హాని చేస్తుంది. బయటి ఫలితంలో తప్పులు వెతకడానికి చూపే ఉత్సాహం దాన్ని వాడుకోవడంలో కనిపించదు. రాల్ఫ్ కాట్జ్, థామస్ అలెన్ 1982లో 50 పరిశోధన బృందాలను చూసి రాసిన పత్రం ఉంది. సభ్యులు కలిసి పనిచేసిన సగటు కాలం ఏడాదిన్నర దాకా పెరిగేకొద్దీ బృందాల పనితీరు మెరుగుపడింది, కొంతకాలం నిలకడగా ఉంది, ఐదేళ్లు దాటేసరికి బాగా పడిపోయింది. బయటివాళ్లతో మాటామంతీ తగ్గడం అందుకు కారణమని వాళ్లు చూపించారు. కాబట్టి పాత జట్టును తిట్టి లాభం లేదు, కదిలించాలి. మూడు నాలుగేళ్లకోసారి ఒకరిద్దరిని మార్చండి. తీర్పరి బాధ్యతను వంతులవారీగా ఇవ్వండి. బయటి ఆలోచనను తెచ్చి ఉత్పత్తిగా మార్చినవాళ్లకు, సొంతంగా కనిపెట్టినవాళ్లతో సమానంగా ప్రమోషన్ ఇవ్వండి. అది చూశాక ఉపన్యాసాలు అవసరం ఉండదు.

పంపకాన్ని తిరగరాయాల్సిన సమయం

గడుల పట్టికను ఏడాదికోసారి బయటికి తీయండి. ఒకే ప్రశ్నను మూడోసారి బయట డబ్బిచ్చి అడుగుతున్నామంటే అది లోపలికి రావాల్సిన ప్రశ్న. భాగస్వామి తీరికను బట్టి మన లాంచ్ తేదీలు మారుతున్నాయంటే కూడా అంతే. ఆపిల్ మొదటి ఐఫోన్లలో శామ్‌సంగ్ ప్రాసెసర్లు వాడింది, 2008లో పి.ఎ. సెమీ అనే చిప్ డిజైన్ కంపెనీని కొంది, 2010లో సొంత ఎ4 చిప్‌ను, 2020లో మ్యాక్‌లకు ఎం1ను తెచ్చింది. ఇంత చేసినా చిప్‌లను అచ్చువేసేది టీఎస్‌ఎంసీనే, వాటి మూల నిర్మాణం ఆర్మ్ అనే కంపెనీ లైసెన్స్ మీద నడిచేదే. అన్నీ లోపలికి లాక్కోలేదు, తమ ఫోన్ ఎలా ఉండాలో నిర్ణయించే ముక్కను మాత్రం తీసుకున్నారు. దానికీ ఏళ్లు పట్టింది.

ఎదురు దిశలోనూ చూడాలి. ఒకప్పుడు మనకు గొప్పగా ఉన్న పని ఇప్పుడు మార్కెట్లో ఎవరైనా చేసిపెట్టేదిగా మారి ఉండొచ్చు. మా దగ్గర చిక్కదనం కొలతలు, కాలం గడిచేకొద్దీ జిగురు ఎలా మారుతుందో చూసే రొటీన్ పరీక్షలు అలాంటివే. వాటిని బయటి టెస్టింగ్ ల్యాబ్‌కు ఇచ్చి, ఖాళీ అయిన చేతులను పొడి మోతాదు మీద పెట్టాం. బయటికి ఇచ్చాక కూడా కోడ్ వేసిన నమూనాలు అప్పుడప్పుడూ వెళ్తూనే ఉండాలి.

ఇవన్నీ అయ్యాక ఆ సంవత్సరం శాతమెంతో లెక్కేసి ఫైనాన్స్ వాళ్లకు ఇచ్చేయండి. ప్రతి సంవత్సరం అది మారుతుందని కూడా చెప్పండి.

ఇక ప్రాజెక్టు ముగిసేటప్పుడు. నివేదిక అందడం అప్పగింత కాదు. చివరి కొన్ని వారాలు మన ఇంజినీర్ భాగస్వామి ల్యాబ్‌లో కూర్చుని, వాళ్ల చేతులు చూస్తూ పని నేర్చుకోవాలి. కలిపేటప్పుడు ఎంతసేపు ఆగుతారు, ఏ గిన్నె వాడతారు లాంటివి నివేదికలో ఎవరూ రాయరు. తర్వాత మన ల్యాబ్‌లో, మన ముడిసరుకుతో, వాళ్ల మనిషి పక్కన లేకుండా అదే ఫలితం రావాలి. ఒప్పందంలో చివరి విడత డబ్బును ఈ తిరిగిచేయడానికే ముడిపెట్టండి, ఫలితం రాకపోతే ఎవరు ఎన్ని రోజులు వచ్చి సాయం చేయాలో కూడా అదే పేరాలో రాసేయండి.